మా అన్న ఓపీ చీటీలో ఆ ఒక్క మాట రాయించండి

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అన్నకు హైదరాబాద్ నల్లకుంటలో కిరాణా షాపు ఉంది. ఇరవై సామాన్లు తీసుకున్నా కాగితం ముట్టకుండా లెక్క చెప్పేవాడు. 2021 మేలో కరోనా వచ్చింది. ఆక్సిజన్ దాకా పోలేదు, ఇంట్లోనే తగ్గింది. అప్పటి నుంచి నాలుగు సామాన్లకే తడబడుతున్నాడు. ఉప్పు అడిగితే చక్కెర కట్టి ఇస్తున్నాడు. వాసన అసలే తెలియదు. ఒకరోజు వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే అక్కడే కూర్చుని ఉన్నాడు. వదిన పరుగెత్తుకొచ్చి కట్టేసింది.

మూడు చోట్ల చూపించాం. స్కాన్ నార్మల్ అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు.

స్కాన్ నార్మల్ అయితే మెదడుకు ఏమీ కానట్టేనా? ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 785 మందికి రెండేసి సార్లు తీసిన స్కాన్లను పోల్చి 2022లో ఫలితాలు ప్రకటించారు. రెండు స్కాన్ల మధ్య 401 మందికి కరోనా సోకింది, ఎక్కువ మందికి తేలికగానే. అయినా వాసనకు సంబంధించిన మెదడు భాగాలు మిగతావారికన్నా వీళ్లలో ఎక్కువ తగ్గాయి. తేడా 0.2 నుంచి 2 శాతం. ఒక మనిషికి ఒక్కసారి తీసిన స్కాన్‌లో అంత చిన్న తేడా ఎట్లా కనబడుతుంది?

ఇందుకు వైరస్ మెదడులోకే దూరాలని లేదు. దాన్ని ఎదుర్కొనేటప్పుడు ఒంట్లో రేగే వాపు, సన్నని రక్తనాళాలకు తగిలే దెబ్బ కూడా మెదడును కుంగదీస్తాయని పరిశోధకులు చెబుతున్నారు. ఏకాగ్రత, జ్ఞాపకం తగ్గడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే కరోనా తర్వాతి లక్షణాల్లో చేర్చింది.

ప్రతి మతిమరుపూ కరోనా వల్లనే కాదు, నాకూ తెలుసు. షుగర్, థైరాయిడ్, బి12, నిద్ర అన్నీ చూడాలి. కానీ మతిమరుపని వచ్చినవాళ్లను బస్తీ దవాఖానాలో "ఇది ఎప్పటి నుంచి? కరోనా తర్వాతనా?" అని అడిగించండి. జవాబు చీటీలో రాయించండి. పది నిమిషాల జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో, ఉర్దూలో పెట్టించండి. అవసరమైనవాళ్ల కోసం గాంధీ ఆసుపత్రిలో, నిమ్స్‌లో న్యూరాలజీ డాక్టర్లు వారానికి ఒక పూట కేటాయించాలి. 2020లో ఇక్కడి పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్లు మన నగరం మురుగునీటిని పరీక్షించి ఎంతమందికి వైరస్ సోకిందో అంచనా వేశారు. అంత చేయగలిగిన ఊళ్లో ఈ ప్రశ్న అడగడం కష్టమా?

ఖాయమైన మందు లేదని తెలుసు. అయినా చేయగలిగింది ఉంది. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం రోజూ రెండు పూటలా వాసన చూపిస్తే కొందరికి వాసన తిరిగి వస్తుందట. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదీ డాక్టర్ల దగ్గర కాదు.

అన్న చీటీలన్నీ ఫైలులో దాచాను. ఏ ఒక్కదానిలోనూ 'కరోనా' అన్న మాట లేదు.

ఇట్లు,
నల్లకుంట నుంచి ఒక చెల్లెలు