బిల్లింగ్ డేటాబేస్ ఇప్పుడే ఎందుకు మారుస్తున్నాం

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం రాత్రి 11 నుంచి సోమవారం తెల్లవారుజామున 5 వరకు సాఫ్ట్‌వేర్ ఆగి ఉంటుంది. ఈ మాట చెప్పగానే మీలో చాలామంది అడిగింది ఒకటే: "బాగానే నడుస్తోంది కదండీ, ఇప్పుడు దాన్ని కదపడం దేనికి?" మీ బిల్లులు, స్టాకు, మీకు రావాల్సిన బాకీలు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి వివరంగా చెప్పడం నా బాధ్యత.

మీ లెక్కలన్నీ ఉన్నది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ (డేటాను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) 5.7 వెర్షన్‌లో. దాని పనితనానికి వంక పెట్టలేం. కొత్త సదుపాయాల కోసమే అయితే నేను దాన్ని ముట్టుకునేవాణ్ని కాదు. కానీ 2023 అక్టోబర్‌తో దానికి సపోర్ట్ ముగిసింది. ఆ తర్వాత ఏ భద్రతా లోపం బయటపడినా దానికి ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే మార్పు, రాదు. అయినా వెంటనే మార్చకుండా ఆగాం, కావాలనే. మా రిపోర్టుల భాగం కొత్త వెర్షన్‌తో సరిగ్గా పనిచేస్తేనే కదలాలనుకున్నాం. ఈలోగా మా అప్లికేషన్ తప్ప ఇంకెవరూ డేటాబేస్‌ను చేరకుండా కట్టడి చేశాం. అది ఎల్లకాలం సరిపోయే రక్షణ కాదు. రిపోర్టుల పని పూర్తయింది, ఇక ఆగడానికి కారణం లేదు.

వెళ్లేది మైఎస్‌క్యూఎల్ 8.4 వెర్షన్‌కి. 2024లో వచ్చిన ఈ వెర్షన్‌కు ఏళ్ల తరబడి సపోర్ట్ ఉంటుంది. 5.7 నుంచి నేరుగా దానికి వెళ్లలేం, ముందు 8.0కి మారాలి. రాత్రంతా పట్టడానికి అదొక కారణం.

మీ డేటా కాపీ మీద ముందే ఈ పని చేసి చూశాం. మొత్తాలన్నీ పైసాతో సహా సరిపోయాయి, కానీ బాకీల రిపోర్టులో పేర్లు చిందరవందరగా వచ్చాయి. 5.7లో గ్రూప్ బై (ఒకే పేరు మీద ఉన్నవాటిని ఒకచోట చేర్చమనే ఆదేశం) అని రాస్తే వరుస దానంతటదే వచ్చేది. 8.0 నుంచి వరుస కావాలంటే విడిగా ఆర్డర్ బై (వరుసలో పెట్టమనే ఆదేశం) రాయాలి. అలాంటి రిపోర్టులన్నీ వెతికి సరిచేశాం. ఇలాంటివి మీ కౌంటర్ దగ్గర, కస్టమర్ ఎదురుగా బయటపడకూడదనే నా పట్టుదల.

రాత్రి కూడా బిల్లింగ్ చేసేవారికి ఇబ్బందే, తెలుసు. అయినా పూర్తిగా ఆపక తప్పదు. ఒకసారి మారాక అక్కడికక్కడే పాత వెర్షన్‌కు తిప్పలేం, బ్యాకప్ నుంచే పాతదాన్ని తిరిగి నిలబెట్టాలి. మధ్యలో మీరు బిల్లు కొడితే అది ఆ బ్యాకప్‌లో ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఆపాకే బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో ఎక్కించి, తెరుచుకుంటోందని చూశాకే పని మొదలుపెడతాం. రాత్రి 3 గంటలకల్లా మొత్తాలు సరిపోకపోతే పాతదానికే వెళ్లిపోతాం, ఉదయం మీ బిల్లింగ్ మామూలుగానే నడుస్తుంది. నెలాఖరు హడావుడికి దూరంగా తేదీ పెట్టింది కూడా మీకు టెన్షన్ ఉండకూడదనే.

ఆదివారం సాఫ్ట్‌వేర్ ఆపేలోపు బాకీల రిపోర్టు, స్టాకు రిపోర్టు ఒక్కో ప్రింట్ తీసి పెట్టుకోండి. సోమవారం మొదటి బిల్లుకు ముందు వాటితో పోల్చి చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా బిల్లింగ్ మొదలుపెట్టకుండా నాకు ఫోన్ చేయండి. ఆ ఉదయం ఫోన్ నేనే ఎత్తుతాను.