నార్కో చేయిస్తానని ఎవరైనా అనేయొచ్చా?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో "నోరు విప్పకపోతే నార్కోనే" అని అంతేసి అక్షరాలతో వేశారు. నార్కో అంటే మత్తుమందు ఎక్కించి నిందితుడి చేత మాట్లాడించే పరీక్ష. పోలీసు అధికారి అన్నారు, మీరు అచ్చేశారు. ఆయనకా అధికారం ఉందా అని మీ విలేకరికి అనుమానమే రాలేదా? నిందితుడు ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు చూసే పరీక్ష) చేయకూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తేల్చేసింది. ఒప్పుకున్నా అది మేజిస్ట్రేట్ ముందు నమోదు కావాలి. 2025లో బిహార్ కేసులోనూ మళ్లీ అదే మాట. మన ప్రెస్‌మీట్ల దాకా మాత్రం ఆ కబురు ఇంకా రాలేదు.

రక్తం, వెంట్రుకలు, గోళ్ల సంగతి వేరు. వాటికి ఒప్పుకోలు అక్కర్లేదు, అవసరమైనంత బలం వాడొచ్చని చట్టమే అంటోంది. కానీ ఆ పని డాక్టరుగారి పర్యవేక్షణలో జరగాలి, ఆడవాళ్లయితే లేడీ డాక్టరే ఉండాలి. పాత చట్టం సీఆర్పీసీలో కనీసం ఎస్సై అడగాలి. దాని బదులు 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో ఏ పోలీసు అడిగినా చాలు. దీనిమీద ఒక్క ముక్క రాశారా?

నేను డెల్టాలోని ఓ ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌లో చేసి రిటైరైనవాణ్ణి. సంక్రాంతి మూడు రోజులూ ఆ వరస చూడాలి. బరుల దగ్గర కొట్టుకున్నవాళ్లను ఆటోలో కుక్కి అర్ధరాత్రి దించేవారు. డ్యూటీ డాక్టరు క్యాజువాలిటీ వదిలి రాలేడు. "తొందరగా కానీ గురూ, ఎస్సైగారు ఆగరు" అని కానిస్టేబుల్ టెన్షన్. తాగాడో లేదో తేల్చే రక్తం తీసేటప్పుడు చేతిని స్పిరిట్‌తో తుడవకూడదు, అదీ ఆల్కహాలే కదా. కొత్తగా చేరిన కుర్రాడు స్పిరిట్ దూదితో రుద్ది మరీ సూది గుచ్చేవాడు. ఆ శాంపిల్ కోర్టులో ఏం నిలుస్తుంది? డాక్టరుగారి సంతకం తెల్లారాక. పందేలు మాత్రం ఎవరూ ఆపరు లెండి, బరి పక్కన ముందు వరస కుర్చీలు ఎవరివో ఊరందరికీ తెలుసు.

అరెస్టయినవాడి వైద్య పరీక్ష రిపోర్టు కాపీ వాడికో, వాడు చెప్పినవాళ్లకో ఇచ్చి తీరాలి. ఇవ్వగా నేనెన్నడూ చూళ్లేదు. అడిగిన ఓ తల్లిని స్టేషన్‌కి పొమ్మన్నారు, స్టేషన్‌వాళ్లు ఆసుపత్రికి పొమ్మన్నారు. చొక్కా కూడా విప్పించకుండా "గాయాలు లేవు" అని రాసిన రిపోర్టు బయటికిస్తే ఏమవుతుందో వాళ్లకి తెలియదా?

క్యాజువాలిటీ గోడ మీద నాయకుల ఫ్లెక్సీలకి చోటుంది, ఈ హక్కులు తెలుగులో రాసిన ఒక్క బోర్డుకి లేదు. బోర్డు పెట్టించమని పై ఆఫీసుకి అర్జీ ఇస్తే, రసీదు మాత్రం ఇచ్చారు.

– రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, పాలకొల్లు