లింకు డాక్యుమెంట్లు లేని వీడియో

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చి, మా సింగ్‌నగర్‌లో నీళ్లు తీసిన కొద్దిరోజులకు, ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేనో వీడియో పెట్టాను. వంతెన మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. వెనక ఎవరో "మళ్లీ గండి పడింది, పారిపోండి" అని అరుస్తున్నాడు. గుంటూరు నుంచి మా బావమరిది పంపాడది. బియ్యం, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు ఒకసారి పోగొట్టుకున్నవాళ్లం, ఆలోచించే ఓపిక ఎవరికుంది? పావుగంటలో కింది అంతస్తువాళ్లంతా మూటలతో మెట్లెక్కేశారు. చీకట్లో ఒక పెద్దావిడ జారిపడి మణికట్టు విరిగింది. తెల్లారాక తెలిసింది, ఆ వంతెన మన ఊరిదే కాదని. గొంతు ఎవరో తర్వాత అతికించారు.

ఇంజినీరింగ్ చదివే మా మనవడు "బ్లాక్‌చెయిన్ వస్తే ఇలాంటివాటి ఆట కట్టు తాతయ్యా" అంటాడు. ముప్పై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసినవాణ్ణి. వాడు వివరిస్తుంటే నాకు మా లింకు డాక్యుమెంట్లే, అంటే ఒక ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజుల వరసే గుర్తొచ్చింది. బ్లాక్‌చెయిన్ కూడా అలాంటి పత్రాల గొలుసే. ప్రతి పత్రంలో వెనకటి పత్రం వేలిముద్ర ఉంటుంది, అంటే ఆ పత్రంలో ఉన్నదాన్నిబట్టి కంప్యూటరు లెక్కగట్టే గుర్తు. దాన్ని హ్యాష్ అంటారట. మధ్యలో ఒక్క అక్షరం దిద్దినా ఆ తర్వాతవేవీ పొసగవు. నకళ్లు ఎన్నో కంప్యూటర్లలో ఉంటాయి కాబట్టి గుమస్తాను మంచి చేసుకుని పేజీ మార్చడమూ కుదరదు.

ఇది బిట్‌కాయిన్ అనే కంప్యూటరు డబ్బుతో పుట్టిందనుకున్నాను. 1991లోనే హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు అమెరికాలో దీనికి దారి వేశారట. 1995 నుంచి వాళ్ల కంపెనీ వారం వారం ఆ వేలిముద్రను న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించేది. ఇంటింటికీ చేరిపోయిన పేపరును ఎవరు దిద్దగలరు? మీకు నచ్చే సంగతని రాస్తున్నాను.

కానీ రిజిస్ట్రేషన్ సంగతి నాకు తెలుసు. ఫలానా రోజు ఫలానావాళ్లు సంతకం పెట్టారనే అది చెబుతుంది. అమ్మినవాడికి అసలు హక్కుందా అన్నది అది తేల్చదు. దొంగ దస్తావేజులూ దర్జాగా రిజిస్టరయ్యాయి. అలాగే అబద్ధపు వీడియో ఆ గొలుసులోకి ఎక్కితే చెరగని అబద్ధమై కూర్చుంటుంది. ఇంకో చిక్కుంది. వాట్సాప్ మామూలుగా వీడియోను కుదించి పంపుతుంది, కుదించగానే వేలిముద్ర మారిపోతుంది. మరి నిజమైన వీడియోకూ లింకు తెగినట్టేగా అంటే మనవడు బుర్ర గోక్కున్నాడు.

కలెక్టరాఫీసు, ఇరిగేషన్‌వారు ఇచ్చే వరద హెచ్చరికలకైతే ఇది పనికొస్తుంది. విడుదల చేసిన నిమిషంలోనే అసలు పత్రాన్ని నమోదు చేసి, దాని మీద ఒక క్యూఆర్ కోడ్ వేస్తే చాలు. "కలెక్టరు ఉత్తర్వు" అని గ్రూపులో తిరిగే కాగితాన్ని ఎవరైనా అసలుతో పోల్చి చూసుకోవచ్చు. అలాగని నమోదు కానిదంతా అబద్ధమంటే ఒప్పుకోను. డాబా మీద చిక్కుకున్నవాడు తీసే వీడియోకు ఏ ముద్రా ఉండదు. మా వీధికి పడవ వచ్చింది అలాంటి వీడియో చూసే. పంపిన ప్రతివాడి పేరూ గొలుసులో ఎక్కించాలనే మాట కూడా నాకు నచ్చదు. ఆఫీసుల మీద గోడు చెప్పుకునేవాడు నోరు మూసుకుంటాడు.

ఇక నా తప్పు. ఆ వీడియో మీద చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు రెండు బాణాల గుర్తుంది. చూశాను, అయినా నొక్కాను. ఎరగనివాడి దస్తావేజు మీద ఏనాడూ సాక్షి సంతకం పెట్టనివాణ్ణి, ఆ రాత్రి పెట్టాను. మర్నాడు గ్రూపులో తప్పు ఒప్పుకుని, ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ కాఫీ ఇప్పించింది, అదే ఇంకా కష్టంగా ఉంది. మా బావమరిది మరో మూడు గ్రూపుల్లో పెట్టాడు. అది తప్పని వాటిల్లోనూ రాయమంటే "ఇప్పుడెవరు చూస్తార్లే బావా" అన్నాడు.

వచ్చే వానాకాలంలో అధికారిక హెచ్చరికలు, విడుదలైన సమయంతో సహా, మొదటి పేజీలో ఒక మూల రోజూ వేయగలరా?

— పని మానేసిన దస్తావేజు లేఖరి, సింగ్‌నగర్, విజయవాడ