తెగింపు ఒక్కటే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

యుద్ధంలో చనిపోయిన కుర్రాళ్లకు మరణానంతరం పతకం వచ్చినప్పుడల్లా 'ప్రాణాలకు తెగించి గ్రెనేడ్ మీదికి దూకాడు' అనే ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. పదాతిదళంలో సెక్షన్ కమాండర్‌గా చేసి రిటైరైన నాకు అది చాలదనిపిస్తుంది.

అమెరికా మెరీన్ దళంలో (సముద్రం మీంచి వెళ్లి నేలమీద పోరాడే సైన్యం) కార్పొరల్ జేసన్ డన్హమ్ సంగతే చూడండి. 22 ఏళ్ల కుర్రాడు, అప్పటికే స్క్వాడ్ లీడర్, అంటే మన సెక్షన్ కమాండర్‌లా ఒక చిన్న జట్టుకు నాయకుడు. 2004 ఏప్రిల్ 14న ఇరాక్‌లో, సిరియా సరిహద్దు దగ్గర వాళ్ల కమాండర్ కాన్వాయ్ మీద దాడి జరిగింది. ఆ వైపు నుంచి వస్తున్న బళ్లను డన్హమ్ బృందం ఆపి సోదా చేస్తుంటే, ఒకడు బండిలోంచి దూకి అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కలబడి కిందపడ్డారు. సాయానికి మరో ఇద్దరు మెరీన్లు పరుగెత్తారు. అంతలో వాడు గ్రెనేడ్ వదిలాడు. డన్హమ్ కేకేసి తోటివాళ్లను హెచ్చరించి, తన కెవ్లార్ (చాలా గట్టి కృత్రిమ నార) హెల్మెట్‌ను దానిమీద బోర్లించి, పైన తాను పడుకున్నాడు. ఆ ఇద్దరూ గాయాలతో బతికారు.

ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆవేశం కాదండీ. అంతకు కొద్ది రోజుల ముందే, గ్రెనేడ్ పడితే ఏం చేయాలన్న మాట వాళ్లలో వచ్చింది. కెవ్లార్ హెల్మెట్ పేలుడును ఆపుతుందని అన్నది డన్హమే. పైగా, సర్వీసు ముగిసే గడువును తానే పొడిగించుకున్నాడు, తన కుర్రాళ్లతో ఇరాక్‌లో చివరిదాకా ఉండాలని. పదిమంది జవాన్లను నడిపినవాడిగా చెబుతున్నాను, సెక్షన్‌ను నడిపేవాడి బుర్ర ఇలాంటి లెక్కల్లోనే ఉంటుంది. అన్నం తింటున్నా అదే టెన్షన్.

ఏప్రిల్ 22న అమెరికాలోని బెథెస్డా నేవీ ఆస్పత్రిలో, అమ్మానాన్నలు పక్కనుండగా డన్హమ్ కన్నుమూశాడు. 2007 జనవరి 11న వైట్‌హౌస్‌లో ఆ తల్లిదండ్రులు అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నారు. వియత్నాం యుద్ధం తర్వాత ఒక మెరీన్ పోరాటానికి ఆ పతకం రావడం అదే మొదలు. 2010లో నౌకాదళంలో చేరిన ఒక డిస్ట్రాయర్ యుద్ధనౌకకు అతని పేరే పెట్టారు.

పతకం ఎవరిచ్చారో, ఎంతమంది పెద్దలు వచ్చారో మీరు ఎలాగూ వేస్తారు. దయచేసి పక్కనే ఇంకో నాలుగు లైన్లకు చోటివ్వండి. ఆ కుర్రాడు తన వాళ్ల కోసం ముందునుంచీ ఏం ఆలోచించాడో, అతని వల్ల ఎంతమంది బతికారో రాయండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్