చుక్క కుబుసం విడిచింది

చిట్టితల్లీ,

హాస్టల్‌కు బయలుదేరే ముందు నీ పెంపుడు బల్లి చుక్కను నా చేతిలో పెట్టి, "రోజూ కాసేపు చూసుకుంటే చాలు నాన్నా" అన్నావు. ఆ కాసేపు ఎంతసేపో చెప్పలేదు. రాత్రి భోజనమయ్యాక గాజుపెట్టె ముందు కూర్చుంటే పది ఎప్పుడవుతోందో తెలియడం లేదు. గోడమీద బల్లి కనబడితే చీపురు వెతికే మనిషిని నేను! ఆ బల్లులకు కనురెప్పలుండవు. చుక్క లెపర్డ్ గెకో జాతి బల్లి, దీనికి ఉన్నాయి. నా వైపు చూస్తూ తీరిగ్గా రెప్పలార్పుతుంటే ఎలా కసరను?

మొన్న దాని ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. జబ్బు చేసిందని హడలిపోయాను. తెల్లవారేసరికి కుబుసం విడుస్తోంది. మూతి దగ్గర మొదలుపెట్టి చొక్కా విప్పినట్టు లాగుతూ, లాగినదాన్ని లాగినట్టే మింగేసింది. ఇంతా చేసి ముందుకాలి రెండు వేళ్లకు మాత్రం దారం చుట్టినట్టు పొర మిగిలిపోయింది. అలా వదిలేస్తే అది బిగిసి, రక్తం అందక వేలి కొస ఊడిపోతుంది. దాని పాదాలు మునిగేటంత గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచి, తడి దూదిపుల్లతో మెల్లగా తోశాను. ఒక వేలిది వచ్చేసింది. రెండోది రాలేదు. లాగడానికి చెయ్యి రాలేదు. మరునాడు మళ్లీ నానబెడితే అదే జారిపోయింది. తప్పు నాదే. కుబుసం తేలిగ్గా ఊడడానికి తడి నాచు వేసి పెట్టెలో ఉంచిన చిన్న డబ్బా ఎండిపోయినా, దానితో ఏం పనిలే అని ఊరుకున్నాను. ఇప్పుడు రోజూ తడుపుతున్నాను.

వెచ్చని వైపు 32 డిగ్రీలు, చల్లని వైపు 25 ఉంటోంది. తిన్నది అరగడానికి దానికి ఆ వేడి కావాలి కదా, పగలంతా అటువైపు గూట్లోనే పడుకుంటోంది. రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు పెట్టవద్దని నువ్వు రాసిన చీటీ పెట్టెకే అంటించాను. కాల్షియం పొడిలో పొర్లించిన కీచురాయిని వదలగానే తోక కొస పాములా మెలికలు తిరుగుతుంది, ఆ తరువాత ఒక్క దూకు! కొవ్వు దాచుకునేది తోకలోనే కాబట్టి ముందు దాని లావే చూస్తున్నాను. బాగానే ఉంది.

దుకాణంలో అడుగున పరచడానికి ఇసుక అంటగట్టబోయారు. పురుగుతో పాటు మింగితే పేగుల్లో అడ్డం పడుతుందని వద్దన్నాను. కాగితం తువ్వాలు అందంగా ఉండదు, నిజమే. కానీ తీసి పారేయడం తేలిక.

మీ తమ్ముడు తోక పట్టుకోబోతే కేకలేశాను. తెగితే మళ్లీ మొలుస్తుంది గానీ మొద్దుగా, మొదటిలా ఉండదు. మీ అమ్మ ఇంకా ముట్టుకోదు. నేను సబ్బుతో చేతులు కడుక్కునేదాకా గుమ్మంలో కాపలా ఉంటుంది. దీపం ఆర్పే ముందు మాత్రం "అది తిన్నదా?" అని అడుగుతుంది.

బాగా చూసుకుంటే ఇవి 15, 20 ఏళ్లు బతుకుతాయి. చుక్కకు ఇప్పుడు రెండే. సెలవులకు వచ్చినప్పుడు వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే నాకు ముందే రాయి.

మీ నాన్న