ప్రయోగశాలలో సెల్‌ఫోన్‌కు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చేతికి సెల్‌ఫోన్ ఇవ్వాలా వద్దా అనే చర్చ పత్రికల్లో తరచు సాగుతోంది. బడుల్లో ఫోన్ల వాడకంపై యునెస్కో కూడా 2023 నాటి నివేదికలో హెచ్చరించింది. ఆ హెచ్చరిక సబబైనదే. అయితే ఈ చర్చలో ఫోన్‌ను వీడియో పాఠాలు చూసే తెరగానే లెక్కిస్తున్నారు. సైన్సు బోధనలో అది కొలత పరికరంగా అంతకన్నా ఎక్కువ పనికొస్తుందని, బెంగళూరులో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

మామూలు స్మార్ట్‌ఫోన్‌లో కూడా త్వరణాన్ని, అంటే వేగం మారే రేటును కొలిచే సెన్సర్ ఉంటుంది. చాలావాటిలో అయస్కాంత క్షేత్రాన్ని, కొన్నింటిలో వాతావరణ పీడనాన్ని కొలిచేవీ ఉంటాయి. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు 2016లో ఉచితంగా విడుదల చేసిన ఫైఫాక్స్ యాప్ ఈ కొలతలను గ్రాఫులుగా చూపుతుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ తర్వాత కొలతలకు ఇంటర్నెట్ అక్కర్లేదు.

పైకి వెళ్లే లిఫ్టులో మనిషి బరువెంత అనే లెక్క పీయూసీ (ఇంటర్) పిల్లలందరూ చేస్తారు. అపార్ట్‌మెంట్లలో రోజూ లిఫ్టు ఎక్కే పిల్లలకు సైతం అది కాగితం మీది లెక్కగానే మిగిలిపోతోంది. ఫోన్‌ను లిఫ్టు నేలపై పెట్టి చూస్తే, గురుత్వ త్వరణమైన 9.8 (మీటర్లు/సెకను²) దగ్గర నిలకడగా ఉన్న గీత లిఫ్టు పైకి కదలగానే కాస్త లేచి, వేగం కుదురుకోగానే మళ్లీ 9.8కి వచ్చి, పై అంతస్తులో ఆగబోయే ముందు అంతకన్నా కిందికి దిగుతుంది. మధ్యలో లిఫ్టు పరుగెడుతున్నా గీత కదలకపోవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. వేగం వేరు, త్వరణం వేరు అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా అంత బాగా మనసుకెక్కదు.

భూ అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లాలు రావాలి. ఫోన్ కవరుకు అయస్కాంతపు మూత ఉంటే ఆ అంకె తారుమారవుతుంది. ఎందుకలా అయిందో టీచరు చెప్పేయకుండా పిల్లల చేతనే వెతికించాలి. పీడనం కొలిచే ఫోన్‌తో చెన్నై నుంచి రైల్లో వస్తే, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన బెంగళూరు చేరేసరికి పీడనం సుమారు 100 హెక్టోపాస్కళ్లు తగ్గడం దారి పొడుగునా చూడవచ్చు. జీవశాస్త్రానికైతే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రూపొందించిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ ఉంది. దాన్ని ఫోన్ కెమెరాకు జోడించి చెరువు నీటి బొట్టును తరగతి మొత్తానికీ చూపవచ్చు. రసాయనశాస్త్రంలో మాత్రం ఫోన్ సాయం కొంతవరకే, ఎందుకంటే ద్రావణం గాఢతను కనుక్కునే టైట్రేషన్‌లో బొట్టు బొట్టుగా ద్రావణం వదిలే చేతి నేర్పు తెర మీద అబ్బదు.

ఇందుకోసం ప్రతి విద్యార్థికీ ఫోన్ కొనివ్వాల్సిన పని లేదు. సిమ్ లేని ఫోన్లు కొన్నింటిని చిన్న పొడవులు కొలిచే వెర్నియర్ కాలిపర్స్‌తో పాటు ల్యాబ్ బీరువాలోనే ఉంచి, నలుగురైదుగురికి ఒకటి చొప్పున ప్రయోగం పూర్తయ్యేదాకా ఇస్తే చాలు. ఇలాంటి ప్రయోగాలను రికార్డు పుస్తకంలో చేర్చి, ప్రాక్టికల్ మార్కుల్లో లెక్కించాలి. లేకపోతే పరీక్షల ఒత్తిడిలో ఏ టీచరూ వీటికి సమయం కేటాయించలేరు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లను వీడియో పాఠాలతో సరిపెట్టకుండా, ప్రయోగం ఎలా చేయాలో వివరించే సూచనలు కూడా వాటి ద్వారా తెలుగులో అందేలా చూడాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. అవి సిద్ధమైతే ఇక్కడి తెలుగు పిల్లలకూ అందుతాయి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
బసవనగుడి, బెంగళూరు