బడికి ముందే వెనకబడుతున్న పిల్లలు

సంపాదకులకు,

ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం రావడం లేదని వార్త వచ్చిన ప్రతిసారీ చర్చ ఉపాధ్యాయుల చుట్టూ, పాఠ్యపుస్తకాల చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతోంది. ఆ పిల్లలు బడి గడప తొక్కకముందు గడిచిన అయిదారేళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. మెదడు అత్యంత వేగంగా ఎదిగేది తల్లి కడుపున పడిన నాటి నుంచి రెండేళ్లు నిండే దాకా, అంటే దాదాపు 1000 రోజుల్లో.

ఇనుము లోపాన్నే తీసుకుందాం. ఇనుము రక్తానికి ఎంత ముఖ్యమో, నాడీ తంతువులపై సంకేతాలు వేగంగా సాగేలా చేసే మైలిన్ పొర ఏర్పడడానికీ, మెదడులో సందేశాలు చేరవేసే డోపమైన్ వంటి రసాయనాల తయారీకీ అంతే ముఖ్యం. పసితనంలో అది తీవ్రంగా లోపిస్తే, తర్వాత మందులతో రక్తం మెరుగుపడినా నేర్చుకునే శక్తిలో వెనకబాటు ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చని కోస్టారికాలో పిల్లలను యుక్తవయసు దాకా గమనించిన పరిశోధకులు తేల్చారు. కింది కనురెప్ప లోపల పాలిపోయి, రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చేసే పిల్లవాడికి మా తరగతుల్లో దక్కేది బద్ధకస్తుడన్న పేరు. చెవిలో చీము కారుతూ చెప్పిన మాటల్లో సగమే వినిపించే పిల్లను మొద్దు అంటాం.

అలాగని తిండి పెడితే చాలనుకోవడానికీ లేదు. జమైకాలో 1986-87లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసివాళ్లలో కొందరికి అదనపు పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో తల్లులకు చూపించారు. కొందరికి రెండూ అందించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆటామాటా అందినవారి సంపాదన అందనివారికంటే 25 శాతం ఎక్కువగా ఉంది. ఆహారం మాత్రమే అందినవారిలో అంతటి మేలు నిలవలేదు. గ్వాటెమాలాలో మాత్రం, మూడేళ్లలోపే పౌష్టిక పానీయం అందిన పిల్లలు పెద్దయ్యాక చదివి అర్థం చేసుకోవడంలో ముందున్నారు. కనుక ఆహారం వృథా అని కాదు, వేళకు అందాలి, దానికి పెద్దల పలకరింపు తోడవాలి.

బిడ్డ ఎత్తు, బరువు రాసుకున్న రిజిస్టరు అంగన్‌వాడీలను నడిపే మహిళా, శిశు సంక్షేమ శాఖ దగ్గరే ఉండిపోతోంది; విద్యాశాఖ మొదటి రోజు హాజరుతో కొత్తగా లెక్క మొదలుపెడుతోంది. ఆ ఎదుగుదల పత్రం పిల్లలతోపాటు బడికి చేరాలి. ప్రవేశం నాడే చూపు, వినికిడి, రక్తం పరీక్షించాలి. ఇళ్లకు వెళ్లే కార్యకర్తలకు తూకంతోపాటు బిడ్డను ఆడించి చూపించేందుకూ సమయం, శిక్షణ ఇవ్వాలి. అభ్యసన స్థాయిల నివేదికలు మార్కుల పక్కనే ఈ వివరాలనూ ప్రచురిస్తే, తప్పు ఎక్కడ మొదలైందో చర్చించడానికి కనీసం ఆధారమన్నా ఉంటుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు